గ్లాసు మీద గీత

సంక్రాంతి వెళ్లి నాలుగు రోజులైంది. ఆ రోజుల్లో తళిలో పొద్దున తొమ్మిదైనా మంచు విడవదు. తెల్లదొరలు ఈ చలి చూసే మా ఊరిని ‘లిటిల్ ఇంగ్లాండ్’ అన్నారని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. రాగులు కోతకొచ్చి కళ్లాలకు చేరే కాలం. జవళగిరి అడవిలోని ఏనుగులు ఆ రాగుల కోసమే చేలల్లోకి దిగే కాలం కూడా.

అమ్మ వసారాలో కూర్చుని రాత్రి నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజను పట్టి నొక్కితే తోలు చేతిలో మిగిలి, పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. పితుకుపప్పు పులుసు కావాలంటే ఈ పనికే గంట పడుతుంది. ఆ గంటలోనే ఈ వాదన నడిచింది.

బావ, అంటే అమ్మ మేనల్లుడు, ఏడేళ్లుగా ఇంగ్లాండులో ఉద్యోగం చేస్తున్నాడు. పండక్కి వస్తూ అమ్మకు ఒక గాజు గ్లాసు తెచ్చాడు. దాని మీద మూడు చోట్ల అడ్డంగా గీతలున్నాయి. అమ్మ తెలుగు బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. గీతలు కనబడితే ఏమిటని అడగకుండా ఊరుకోదు.

అమ్మ: ఇవేం గీతలు నాయినా? పిల్లోళ్లకు మందు పోసే గ్లాసా?

బావ: కాదత్తా. బీరు గ్లాసు. పై గీత పింటు, 568 మిల్లీలీటర్లు. మధ్యది అర పింటు. కింద ఉండేది పింటులో మూడో వంతు, 189. 2023 ఆగస్టులో లండన్ ఒలింపియా హాల్లో బీర్ల తిరునాళ్లు జరిగితే పోయినా. అక్కడ ఇచ్చిన గ్లాసు ఇది.

అమ్మ: సారాయికి తిరునాళ్లా! ఏ దేవుడికి?

బావ: సారాయి కాదు, బీరు. అందులోనూ సీసాల్లో మూతేసి అమ్మే బీరు కాదు. పీపా బీరు. దాన్ని వడగట్టరు, కాచి చంపరు. పీపాలో పోసినాక కూడా లోపల పులుస్తానే ఉంటాది. పీపాను అడ్డంగా పండబెట్టి, పైన చిన్న కొయ్యమేకు కొడతారు. మెత్తటి కొయ్య. దాని సందుల్లోంచి గాలి బుసబుసా పొంగుకొస్తాది. పీపా చూసుకునే మనిషి ఆ నురగ చూసి, ఇంకా దుడుకుగా ఉండాదా, నెమ్మదించిందా అని చెప్పేస్తాడు. నెమ్మదించినాక గట్టి మేకు కొట్టి, అడుగున మడ్డి పేరుకునే దాకా కదపకుండా ఉంచుతారు. ఒకసారి తీయడం మొదలుపెడితే మూడు దినాలే దాని ఆయుసు. తరవాత పాసిపోతాది. ఒక్క పీపాకు 72 పింట్లు. మూడు దినాల్లో తాగేవాళ్లు లేకుంటే పారబోయాల్సిందే.

అమ్మ: ఐసులో పెట్టరా?

బావ: పెట్టరు. పన్నెండు డిగ్రీల చలి చాలు. ఇదిగో, మన వసారాలో ఇప్పుడుండేంత. మరీ చల్లగా అయితే నాలిక మొద్దుబారి రుచి తెలవదు.

ఇక్కడి నుంచి బావ గొంతు మారింది. తాగినవాడు గొప్పలు పోవడం వేరు, రుచి తెలిసినవాడు చెప్పుకోవడం వేరు. బావది రెండోది. లూయిస్ అనే చిన్న ఊళ్లో హార్వీస్ వాళ్ల సస్సెక్స్ బెస్ట్ అట. నాలుగు శాతమే, మొదట బిస్కెట్టు వాసన, చివర చిక్కటి టీ డికాషన్ లాగా చిరుచేదు. యార్క్‌షైర్‌లో కీత్లీ ఊరి టిమొతీ టేలర్ వాళ్ల ల్యాండ్‌లార్డ్ అట; దేశం మొత్తంలో మేటి బీరుగా నాలుగుసార్లు గెలిచింది. ఆ ఏడు తిరునాళ్లలో గెలిచింది ఎల్లండ్ 1872 పోర్టర్. ఆరున్నర శాతం, నల్లగా ఉంటుంది. అడుగంటిన బెల్లప్పాకంలో కాఫీ కలిపినట్టుంటుందని బావ చెబుతుంటే నాకు నోరూరింది. నేను తాగను. అయినా ఊరింది.

అమ్మ: మూడిట్లో నీకేది ఇష్టం?

బావ: హార్వీస్. పోర్టరు మూడో వంతు గీత దాకా తాగితే చాలు, అంతకు మించి వద్దు. హార్వీస్ అయితే సాయంత్రమంతా మాట్లాడుకుంటా కూచోవచ్చు.

అమ్మ: సాయంత్రమంతా కూచుంటే గీతలెందుకు నాయినా? మూడుసార్లు పోసుకుంటే మూడు మూడోవంతులు కలిసి పింటు అయ్యె. గీత కింద గీసినా పైన గీసినా ఒకటే.

బావ: గీత తాగేవాణ్ని ఆపడానికి కాదత్తా. అమ్మేవాడు తక్కువ పోసి మోసం చెయ్యకుండా. అక్కడ ఇది చానా పాత సంగతి. 1215లో రాజు చేత మాగ్నా కార్టా రాయించుకున్నారు కదా, అందులో 35వ షరతు ఇదే. దేశమంతా ద్రాక్షసారాకు ఒకటే కొలత, ఏల్ అనే బీరుకు ఒకటే కొలత, ధాన్యానికి ఒకటే కొలత ఉండాలని.

అమ్మ: ధాన్యానికి కూడానా?

బావ: ధాన్యానికి కూడా.

అమ్మ చెయ్యి ఒక క్షణం ఆగింది. మా వైపు సేరనీ పడి అనీ ఊరికో కొలతతో రైతుల్ని ముంచిన కథలు అమ్మ వాళ్ల నాయన దగ్గర విన్నది. మళ్లీ గింజ అందుకుంది.

అమ్మ: సరే. ఆ కొలత మంచిదే. ఇప్పుడు నా లెక్క విను. నీ హార్వీస్ 189 మిల్లీ, నాలుగు శాతం. అందులో అసలు మత్తు ఏడున్నర మిల్లీ. మన హోసూరు టాస్మాక్ సర్కారు అంగడిలో క్వార్టరు 180 మిల్లీ, 42.8 శాతం. అందులో మత్తు 77 మిల్లీ. చూసేదానికి రెండూ ఒకటే గుక్కెడు. లోపలికి పోయేది పది రెట్లు. నువ్వు లండన్‌లో మూడో వంతు తాగి రుచి చెప్తా ఉండావు. ఇక్కడ ఫ్యాక్టరీ షిఫ్టు దిగినోడు క్వార్టరు ఎత్తి గుటుక్కున మింగి ఇంటికొస్తాడు. వాణ్ని రుచి ఎట్లుండాదని ఎవురన్నా అడిగినారా?

బావ: నేను చెప్పాలనుకున్నదే నువ్వు చెప్పినావు. చెట్టు నుంచి దిగే కల్లు నాలుగైదు శాతం. అంటే నా హార్వీస్ లెక్కే. దాన్ని నేరం చేసినారు. 42.8 శాతం సీసాను సర్కారే అంగడి పెట్టి అమ్ముతా ఉండాది. 1987 జనవరి 1 నుంచి తమిళనాడులో కల్లు లేదు. టాస్మాక్ 1983లోనే పుట్టింది. 2003 నుంచి చిల్లర అంగళ్లు కూడా దానివే. తాటిచెట్టు ఈ రాష్ట్రానికి రాష్ట్రవృక్షం. ఆ చెట్టెక్కి కల్లు లొట్టి దించితే జైలు. ఇది న్యాయమా అత్తా?

అమ్మ: న్యాయం కాదు. అయితే తప్పెక్కడుందో నువ్వు ఒక చోట చూపిస్తా ఉండావు, నేను ఇంకో చోట చూస్తా ఉండా. కల్లు మూసింది తప్పని నీ మాట. సీసా తెరిచింది తప్పని నా మాట. తొరపల్లి యాడుండాది చెప్పు?

బావ: ఇక్కడే, హోసూరు పక్కన.

అమ్మ: రాజాజీ పుట్టిన ఊరు. ఆయన మద్రాసు ప్రధాని అయినాక 1937 అక్టోబరు 1న మద్యనిషేధం మొదలుపెట్టింది సేలం జిల్లాలో. అప్పుడు హోసూరు, కృష్ణగిరి, తళి అన్నీ సేలం జిల్లానే. మరుసటేడు చిత్తూరు, కడప. ఆ తరవాత ఉత్తర ఆర్కాడు. ఖజానాకు వచ్చే దుడ్డు పోతే ఎట్లా అన్నోళ్లకు జవాబుగా 1939లో అమ్మకం పన్ను పెట్టినాడు. మా అవ్వ అప్పుడు కొత్త కోడలు. ఆ ఏడు దీపావళికి తాత సంతలో చీర కొనుక్కొచ్చినాడంట. పెండ్లయినాక ఆయన చేత్తో తెచ్చిన మొదటి చీర. చచ్చిపోయేదాకా మా అవ్వ రాజాజీ పేరు ఎత్తినప్పుడల్లా ఆ చీర సంగతి చెప్పేది. నీ తిరునాళ్లలో ఆ చీరకు ఏ గీత దగ్గర లెక్క కడతావు?

బావ దీనికి వెంటనే బదులు చెప్పలేదు. అటక వైపు చూశాడు. నేను కూడా అటే చూశాను. మా ఇంట్లో అటక మీద చెట్టెక్కే మోకు లేదు గానీ, బావ చిన్ననాటి స్నేహితుడి ఇంట్లో ఉండేది. వాళ్ల తాత ఈతచెట్లు గీసేవాడు. కల్లు బందయ్యాక మోకు, కత్తి అటక మీద పెట్టి బెంగళూరులో కట్టడం పనికి పోయాడు. ఎత్తు ఎక్కడం అలవాటున్న మనిషి కాబట్టి సారవ కట్టే పనిచ్చారు. ఆ ఇంటి చేను గట్టున ఇప్పటికీ ఒక ముసలి ఈతచెట్టుంది. ఒక ఏడు ఒక పక్క, మరుసటేడు ఇంకో పక్క చెక్కడం వల్ల మాను పొడుగునా మెట్లు మెట్లుగా వంకలు పడి ఉంటుంది. ఆ వంకలు లెక్కపెడితే చెట్టును ఎన్నేళ్లు గీశారో తెలుస్తుంది. ఒక ఎత్తు దాటాక మాను నున్నగా ఉంటుంది. చెయ్యి ఆగిపోయిన ఏడు అది.

బావ: చీర లెక్క నిజమే అత్తా. ఆ నున్నటి మాను కూడా నిజమే. గీయడమంటే చెట్టు నరకడం కాదు. ఎంత లోతు కోస్తే నీరు దిగుతాది, ఎంత మించితే చెట్టు చస్తాది అని చేతికి తెలవాలి. తెలంగాణలో ఇంకా ఆ చెయ్యి మిగిలుండాది. నేను పోయి చూసినా. పోతుతాడు కల్లు వేరు, పండుతాడు కల్లు వేరు. ఒంటిచెట్టు కల్లని ఒక్క చెట్టుదే విడిగా అడిగి తాగుతారు. పొద్దున తీపి, మధ్యాహ్నానికి చిరు పులుపు, సాయంత్రానికి ఘాటు, మరునాటికి వినిగరు. పులిసేదానికి ఏమీ కలపరు. గాల్లో, లొట్టిలో ఉండే సూక్ష్మజీవులే పని చేస్తాయి. అది కూడా పీపా బీరు మాదిరి ప్రాణముండే వస్తువే. లారీలో ఎక్కించి నూరు మైళ్లు తోలలేము. పుట్టిన చోటే తాగాలి. ఇంగ్లాండోళ్లు అట్లాంటిదాన్ని కాపాడుకునేదానికి సంఘం పెట్టుకున్నారు. 1960లలో పెద్ద కంపెనీలు పీపాలు తీసేసి, కాచి వడగట్టి గ్యాసు కొట్టిన బీరు తెచ్చినాయి. 1971లో నలుగురు కుర్రోళ్లు ఐర్లండులో ఒక పబ్బులో కూచుని ‘కామ్రా’ పెట్టినారు. ఆ తిరునాళ్లు నడిపింది ఆ సంఘమే. పీపాల దగ్గర పోసేవాళ్లంతా జీతం లేకుండా పనిచేసేవాళ్లు.

అమ్మ: 1971 అంటివా?

బావ: అవును, మార్చి నెల.

అమ్మ: అదే ఏడు ఆగస్టు 30న ఇక్కడ మద్యనిషేధం ఎత్తేసినారు. రాజాజీకి తొంభై రెండేళ్లు. వానలో కరుణానిధి ఇంటికి పోయి, వద్దు నాయినా అని బతిమాలుకున్నాడు. ఆయన వినలేదు. మళ్లా రెండు మూడేళ్లకు వాళ్లే కల్లు, సారాయి అంగళ్లు మూసినారు. 1981లో ఎంజీఆర్ తెరిచినాడు, 1987లో ఆయనే మూసినాడు. తెరిచేది వాళ్లే, మూసేది వాళ్లే. నడాన మనల్ని అడిగిందెవురు? నలుగురు ఇంగ్లాండు మొగోళ్లు తాగుతా సంఘం పెట్టినారంటివి. బాగుండాది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడోళ్లు పెట్టిన సంఘం సంగతి కూడా తెలుసుకో. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటా ‘సీతమ్మ కథ’ అనే పాఠం చదివినారు. తాగుబోతు మొగుడుండే ఆడమనిషి కథ. పుస్తకం మూసి, లేచి పోయి సారాయి అంగడి మూయించినారు. వర్ధినేని రోశమ్మ ముందు నడిచింది. మరుసటేడు, 1993 అక్టోబరు 1 నుంచి, ఆంధ్ర అంతటా సారాయి బంద్. రాజాజీ మొదలుపెట్టిన తేదీ కూడా అక్టోబరు 1నే. ముప్పై ఏళ్లు బడి చెప్పినాను నాయినా. ఒక పాఠం అంత దూరం పోయింది ఇంకోటి నేను చూడలేదు.

(అమ్మ ఇది చెబుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. అమ్మ గొంతు పెంచలేదు. గింజలు పితకడం మాత్రం మానేసింది.)

బావ: దూబగుంట వాళ్లు మూయించింది సారాయి అత్తా. చెట్టు మీది కల్లు కాదు.

అమ్మ: కల్లు చల్లని తల్లి అనుకోవద్దు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్లు తాగి చచ్చిపోయినారు, పేపర్లో చదివినా. మత్తు మాత్రల పొడి కలిపిన కల్లు. అంత పెద్ద పట్నానికి సరిపడా కల్లు దించేదానికి చెట్లు యాడుండాయి? చెట్లు ఇన్ని, ఒక్కో చెట్టుకు లొట్టి ఇంత, తాగేవాళ్లు ఇంతమంది అని కూడితే లెక్క సరిపోదు. సరిపోని లెక్కలోనే ఆ పొడి ఉండాది.

బావ: ఒప్పుకుంటా. అయితే అది చెట్టు తప్పు కాదు, దూరం తప్పు. చెట్టు కిందికి పోయి తాగినోడికి గీసిన మనిషి మొహం కనబడతాది. ఆ మనిషి మరుసటి దినం మళ్లీ ఆ ఊళ్లోనే తిరగాల. పొడి కలపడు. ఇంక మూసేస్తే ఏమైతాది? 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో నాటుసారా తాగి అరవై మందికి పైగా చచ్చిపోయినారు. మిథనాల్. కల్లు ఉండుంటే ఆ కూలోళ్లు దాని జోలికి పోయేవాళ్లా?

అమ్మ: కళ్లకురిచ్చిలో టాస్మాక్ మూసుండారా? తెరిచే ఉండాదే! అంగడి తెరిచి పెడితే దొంగసారా పోతాదని చెప్పినోళ్లు ఏమంటారు?

బావ: క్వార్టరు కొనే దుడ్డు లేనోళ్లు పాకెట్టు సారాయి తాగినారు. అందుకే అంటా ఉండా, తక్కువ ధర, తక్కువ మత్తు, మన చెట్టు.

అమ్మ: తక్కువ ధర అయితే ఎక్కువ తాగుతారు.

బావ: తక్కువ మత్తు అయితే ఎక్కువ తాగలేరు. కడుపు నిండిపోతాది.

ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. ఈ చోటికి వచ్చాక వాదన ఎప్పుడైనా ఆగాల్సిందే. ఇక్కడ నా మాట కూడా చెప్పాలి. సీసా విషయంలో నేను పూర్తిగా అమ్మ పక్షం. 77 మిల్లీలీటర్ల లెక్క విన్నాక ఆ క్వార్టరును పానీయం అనడానికి నాకు మనసొప్పదు. చెట్టు విషయంలో బావ పక్షం. నున్నగా మిగిలిపోయిన ఆ మానును చూసినప్పుడల్లా ఒక విద్య మా కళ్ల ముందే పోయిందని బాధ కలుగుతుంది. చెట్టుకు సున్నం పూసిన లొట్టి కట్టి పులవని నీరా దించొచ్చని 2017లో తమిళనాడు కొబ్బరికి అనుమతిచ్చింది. హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో 2023 మేలో నీరా కేఫే తెరిచారు. ఈతచెట్టుకు ఆ దారైనా ఉంటే బాగుండునని నా ఆశ. మా ఊళ్లో అందుకు గీసే చెయ్యి కావాలి. ఆ తాత ఇప్పుడు లేడు.

మళ్లీ అమ్మే మొదలుపెట్టింది.

అమ్మ: ఆ బీరు దేంతో చేస్తారు?

బావ: బార్లీ అత్తా. గోధుమకు చెల్లెలు లాంటి గింజ. నానబెట్టి, మొలకలు తెప్పించి, ఎండబెట్టి, వేయించి, దంచుతారు. మొలకెత్తేటప్పుడు గింజలో ఉండే పిండి తీపిగా మారే శక్తి వస్తాది. దాన్నే మాల్ట్ అంటారు. వేయించేది తక్కువైతే బంగారు రంగు, ఎక్కువైతే నా పోర్టరు మాదిరి నలుపు.

అమ్మ లేచి లోపలికి పోయి ఒక మూట తెచ్చింది. తడి పంచెగుడ్డ. ముడి విప్పితే లోపల రాగులు. ఎర్రటి గింజ ఒక్కోదానికీ సూది మొనంత తెల్లటి మొలక. పచ్చిగడ్డి వాసన, దాని వెనకే సన్నటి తీపి వాసన. మా చెల్లెలి బిడ్డకు రాగిమాల్టు కోసం రెండు రోజుల కింద కట్టిన మూట.

అమ్మ: ఇదేనా?

బావ రెండు వేళ్లతో కొన్ని గింజలు తీసుకుని నమిలాడు. కళ్లు మూసుకున్నాడు.

బావ: ఇదే అత్తా. అచ్చం ఇదే. నేను ఒక బీరు కార్ఖానా చూసేదానికి పోతే, అరచేతిలో పోసి నమలమన్నారు. అప్పుడు ఈ వసారానే గుర్తుకొచ్చింది. ఇంకో సంగతి చెప్తా విను. పూర్వం అక్కడ ఏల్ కాచేది ఎక్కువగా ఆడోళ్లే. ఇంటికి కాచుకుని, మిగిలింది గడప ముందర అమ్మేవాళ్లు. అది పెద్ద వ్యాపారం అయినాకనే మొగోళ్ల చేతిలోకి పోయింది.

అమ్మ: ఊహించినదే. పులియబెట్టేది ఎప్పుడూ మనమే. దోసెపిండి మేమే, అంబలి మేమే, ఊరగాయ మేమే. పులుపు ఎంతకు ఆపాలో మాకు తెలుసు. నిన్న రాత్రి కాచిన అంబలి కుండలో ఉండాది. పొయ్యేదా?

బావ: పొయ్యి అత్తా. దేంట్లో అయినా పొయ్యి.

అమ్మ ఆ గ్లాసే తీసుకుంది. కుండ వంచి అంబలి పోసింది. పలుచన చెయ్యడానికి మజ్జిగ, కాస్త ఉప్పు, నలిపిన చిన్నుల్లిపాయ. పై గీత దగ్గరికి వచ్చేటప్పటికి చెయ్యి నిదానించింది. కంటి ఎత్తుకు పట్టుకుని చూసి, ఇంకో చుక్క పోసి, గీతకు సరిగ్గా తెచ్చింది.

అమ్మ: 568. సరిపోయిందా?

బావ: సరిపోయింది.

అమ్మ: రుచి చెప్పు. బీర్లకు చెప్పినట్ల చెప్పాల. ఊరికే బాగుండాది అంటే ఒప్పుకోను.

బావ గుక్క తీసుకుని నోట్లో కాసేపు ఉంచుకున్నాడు. ముందు మజ్జిగ పులుపు వచ్చిందన్నాడు. దాని వెనక రాగి మన్ను వాసన, ఎండిన నేల మీద మొదటి వాన పడినట్టు. చివర ఉల్లి ఘాటు, అది పోయాక నాలిక మీద మిగిలిన తీపి. నిన్న రాత్రిది కాబట్టి ఇంత పులుపుందనీ, మొన్నటిదైతే ఎక్కువయ్యేదనీ అన్నాడు. అమ్మ వింటూ తలాడించింది. పులుపు సంగతి ఒప్పుకుంది. తీపి రాగిది కాదనీ, కుండదనీ చెప్పింది. పదేళ్లుగా అదే కుండ.

బావ: ఇదీ హార్వీసూ పక్కపక్కన పెట్టి ఏది కావాలంటే, ఈ చలిలో ఇదే కావాలంటాను అత్తా. అయితే ఈతచెట్టు కల్లు కూడా ఒక్కసారి తాగి చూసి ఉంటే బాగుండు. మన ఊరిది. నాకు ఆ రుచి తెలవనే తెలవదు. దేంతో పోల్చాలో కూడా తెలవదు.

అమ్మ: మీ తాతకు తెలుసు. మా అవ్వకు ఆ వాసనే గిట్టేది కాదు.

ఆ మాట తరవాత అమ్మ మిగిలిన గింజలు పితకడం మొదలుపెట్టింది. బావ వచ్చి పక్కన కూర్చుని తనూ రెండు గింజలు నొక్కాడు. ఒకటి గిన్నెలో పడింది, ఇంకొకటి గోడకు తగిలింది.

సాయంత్రం బావ చేను గట్టుకు పోయి ఈతచెట్టు మాను మీది వంకలు లెక్కపెట్టి వచ్చాడు. ముప్పై ఒకటని చెప్పాడు. రాత్రి ఏనుగులు దిగాయని కేకలు వినబడ్డాయి. మా చేను వైపు రాలేదు. మర్నాడు పొద్దున బావ బెంగళూరు విమానాశ్రయానికి బయలుదేరాక, వంటింట్లో రాగుల డబ్బా మూత తీస్తే ఆ గ్లాసు లోపలుంది. అమ్మ దాంతో మధ్య గీత దాకా రాగులు కొలిచి, కొత్త మూట కట్టడానికి గిన్నెలో పోసి నీళ్లు వంచుతోంది.